ఒడిలో వేసుకున్న బిడ్డ

శంషాబాద్ విమానాశ్రయం, లోపలికి వెళ్లే గేటు బయట సిమెంటు గట్టు. 2013, పొద్దుటి పూట. ప్రసన్నలక్ష్మి ఇంకాసేపట్లో స్వీడన్‌కు తిరుగు ప్రయాణం కావాలి. టెర్మినల్‌లో ఊడ్చే కాంట్రాక్టు పనిలో ఉన్న చెల్లెలు అనుపమ యూనిఫాం మీదే వచ్చి పక్కన కూర్చుంది. కొంచెం దూరంలో వాళ్ల నాన్న ముత్తయ్య, నాలుగేళ్ల ప్రియను భుజాల మీద ఎక్కించుకుని విమానాలు చూపిస్తున్నాడు. నిన్న సాయంత్రం నుంచి ప్రసన్నలక్ష్మి ఒక మాటను కడుపులో పెట్టుకుని తిరుగుతోంది. అది చెప్పకుండా విమానం ఎక్కడం ఆమె వల్ల కాదు. చెప్పి ఎక్కడం అంతకన్నా కష్టం.

"నువ్వు మాట తప్పిస్తున్నవ్ అక్కా. నేనడిగింది ల్యాబ్ సంగతి."

"చాయ్ చల్లారుతున్నది, తాగు."

"తాగుత గని, ముందుగాల చెప్పు. నా చెంప లోపల దూదిపుల్ల తిప్పి తీస్కపోయి ఎన్ని దినాలాయె. ఇంకా రాలేదంటె ఎట్ల?"

"వస్తది తియ్. తొందరేమున్నది?"

"తొందర నీకు లేదేమో, నాకున్నది. కన్నతల్లిని నేనేనని తేలితేనే కోర్టుల కేసు వేస్తనన్నడు గద దశరథం వకీలు. తేలితే నేను నీకు దత్తత ఇయ్యొచ్చు. తేలకుంటె..."

"తేలకుంటె?"

"తేలకుంటె ఏముంటది. ఉన్నకాడ ఉంటది. రెండేండ్ల సంది నా దగ్గర్నే ఉన్నది, నాకేం బరువు గాలేదు."

"అనూ, నిజం చెప్పు. నాకు ఇద్దామనుకుంటున్నవా, ఉంచుకుందామనుకుంటున్నవా?"

"ఇచ్చిన గద ఒకపారి. పుట్టిన పదకొండో దినం, ఊరందరి ముంగట నీ ఒడిల వేసిన. ఇచ్చింది మళ్ల గుంజుకుంటనా?"

"గుంజుకుంటవని అనలే."

"అన్నట్లనే ఉన్నది. అసలు అప్పుడు ఒడిల వేసి ఊకుంటె అయిపోవు. మన మేనత్త, కౌసల్యత్త ఊకుందా? 'బడిల తల్లి పేరు అడుగుతరు, కోర్టులు గీర్టులు మనతోటి ఎక్కడైతది, దవాఖానల్నే ప్రసన్న పేరు మీద చేరు' అన్నది. చేరిన. ప్రసన్నలక్ష్మి పేరు మీద కడుపు కోయించుకున్న, ప్రసన్నలక్ష్మి పేరు మీద ఇంటికొచ్చిన. పిల్లలు కాకుంట ఆపరేషన్ గుడ ఆ పేరు మీదనే అయ్యింది నాకు. కాయిదం జూస్తే ఆపరేషన్ అయింది నీకు."

"నవ్వకే. ఎవరన్న చూస్తరు."

"నవ్వు రాక ఏమైతది? ఆడపిల్లల పథకం కింద ఏమన్న వస్తదేమోనని అంగన్‌వాడీకి పోయిన. ఆపరేషన్ అయిన తల్లిని తోల్కరా అన్నరు. ఆపరేషన్ నాకైంది, తల్లివి నువ్వైతివి. స్వీడన్ల ఉన్నదంటె టీచరమ్మ నా మొఖం జూసుకుంట కూసున్నది."

"అత్తనేం అనకు. ఆమె మంచికే చెప్పింది. ఎనిమిదేండ్లు పిల్లలు కాకపాయె. నువ్వు ఇస్తనన్నవ్. మా ఆయన ముంగటికొచ్చి ఈ బిడ్డ మాదే అని చెప్పిండు, సంతకం పెట్టిండు. అందరం కూడే చేసినం."

"ఆ పెద్దమనిషి ఏడాది తిరక్కముందే వదిలిపెట్టి పాయె."

"పాయె. ఆయన సంగతి ఇప్పుడెందుకు?"

"ఆయన సంగతి గాదక్కా. ఆయన పోతె ఈడ నిన్ను ఎవరు ఆదుకున్నరు? కిరాయికి ఇల్లు ఇయ్యనీకి గుడ మొగుడేడి అని అడిగిండ్రు. అందుకే గద బిడ్డను నాకిడిసి అంత దూరం పోయి ముసలోళ్ల ఆశ్రమంల నౌకరి చేస్తున్నవ్."

"ఆడ గట్ల అడగరు. మొగుడేడని నన్ను ఇప్పటిదాంక ఎవరూ అడగలే. మా ఆశ్రమంల పనిచేసే ఒకామెకు పెండ్లే కాలే, ఇద్దరు పిల్లలు. నెల నెల పిల్లల పేరు మీద సర్కారు పైసలు ఆమె ఖాతాల పడ్తయ్. బిడ్డకు జరమొస్తే ఇంట్ల ఉంటది, ఉన్న దినాలకు గుడ జీతంల ఎక్కువ భాగం సర్కారే ఇస్తది."

"జరమొస్తేనా?"

"అవ్, జరమొస్తే."

"మొన్న వానలల్ల ప్రియకు డెంగీ అయితె దవాఖానల కూసున్న. తిరిగొచ్చేటాలకు నా చీపురు ఇంకొకామె చేతుల ఉన్నది. కాంట్రాక్టరు కాళ్లు పట్టుకుంటె మళ్ల తీస్కున్నడు. అది గుడ బాపు పోయి, ఈ జాగల మా జొన్నచేను ఉండె సార్ అని బతిమిలాడితె."

"తెల్సు. అందుకే చెప్తున్న. ఆడ తండ్రి గుడ సెలవు పెడ్తడు. పాలసీసా పట్టుకొని, బండి నూక్కుంట మొగోళ్లే తిరుగుతరు తోటలల్ల. నెలల కొద్ది."

"మా ఇంటాయన లక్ష్మణ్‌కు గట్ల సెలవిస్తె నెలల కొద్ది కల్లు కాంపౌండ్‌లనే ఉంటడు."

"ఏమో, అలవాటైతే ఉండడేమో."

"నీకు ఆ దేశం మంచిగనే కనిపిస్తది. నిరుడు టీవీల చూడలేదా? నీ స్వీడన్ పక్క దేశమే అంట. చేత్తోటి అన్నం తినిపించిండ్రని, పక్కల పండుకోబెట్టుకున్నరని మనోళ్ల పిల్లలను సర్కారోళ్లు తీస్కపోయిండ్రు. తల్లి ఏడ్చుకుంట చెప్తుంటె మా అత్త అన్నం ముద్ద చేతులనే పట్టుకొని కూసున్నది."

"అది నార్వే. ఆడ ఇంకేమేం అయిందో మనకు తెల్వదు."

"ఏదైతేంది? పైసలిచ్చే సర్కారు అజమాయిషీ గుడ చేస్తది. ఈడ సర్కారు మనకేం ఇయ్యదు, ఇంట్లకు తొంగి గుడ చూడదు. ప్రియ నా పక్కల పండుకుంటది. నా చెవి పట్టుకుంటేనే నిద్రపోతది. నువ్వు ఆ దేశంల దాన్ని వేరే అర్రల పండుకోబెడితె..."

"నేను పండుకోబెట్ట. నా పక్కల్నే పండుకోబెట్టుకుందును."

"పండుకోబెట్టుకుంట అంటున్నవా, పండుకోబెట్టుకుందునంటున్నవా?"

"ఏంది?"

"ఏం లేదు. పొద్దున్నుంచి అన్ని మాటలు అయిపోయినట్లే మాట్లాడుతున్నవ్."

"మన ఊరి కొండమ్మ ఎట్లున్నది? కువైట్ నుంచి ఫోన్ చేస్తదా?"

"మళ్ల తప్పించినవ్. చేస్తది. ఆమె కత ఆమెది. ఇంట్ల పనిమనిషి పిల్లలను తెచ్చుకునుడు అన్న ముచ్చటే లేదంట ఆడ. షేక్ పిల్లలకు స్నానం పోసుకుంట ఫోన్ల బిడ్డను 'తలకు పోసుకున్నవా' అని అడుగుతది."

"మా దగ్గర గుడ గట్లనే ముచ్చట పెట్టుకుంటం. కాఫీ తాగనీకి కూసుంటె ఒక్కొక్కరిది ఒక్కో దేశం. ఫిలిప్పీన్స్ ఆమె మొగడు ఇంకొకామెతోటి ఉంటుండు, గని వాళ్ల దేశంల విడాకులే లేవు. కాయిదం మీద ఇప్పటికీ వాడి పెండ్లామే. జపాన్ ఆమెకు విడాకులైనయ్, గని వాళ్ల దేశంల విడిపోతె బిడ్డ ఒక్కరికే. బిడ్డ తండ్రికి పాయె. చూడనీకి గుడ పంపరంట. మొబైల్ల ఫొటో ఉన్నది, రోజు తుడుస్తది. వాళ్లు చెప్పుకున్నంక నన్ను అడుగుతరు, నీదేంది అని."

"ఏం చెప్తవ్?"

"చెప్పనీకి రాదు. మా చెల్లె కన్నది, నేను ఒడిల వేసుకున్న, మొగడు పోయిండు, బిడ్డ మళ్ల చెల్లె దగ్గర ఉన్నది అంటె వాళ్ల భాషల దానికి మాటే దొరకదు. నా బిడ్డ అని ఒక్కటే అంట."

"స్వీడన్ల బిడ్డ వీసాకు పోయిన ఆ ఆఫీసుల మేడమ్‌కు గుడ గట్లనే అన్నవా?"

"గట్లనే అన్న. ఆమె మంచిదే, అనూ. కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. 'నువ్వు ఒక్కదానివే అయినా మాకేం లేదు, దత్తత బిడ్డయినా ఏం లేదు, కోర్టుల దత్తత అయినట్టు చూపెట్టు' అన్నది. నేనేమో ప్రియ పుట్టిన సర్టిఫికెట్ చూపెట్టిన. 'దీంట్ల కన్నతల్లి అని ఉన్నది, పరీక్షల నువ్వు కన్నతల్లివి కాదని వచ్చింది' అన్నది. ఈడికొస్తె వకీలు ఏమన్నడు? 'నీ బిడ్డేనని సర్కారే రాసిచ్చినంక, నీ బిడ్డను నువ్వెట్ల దత్తత తీస్కుంటవమ్మా' అన్నడు."

"ఆడ బిడ్డ కాదాయె, ఈడ బిడ్డ అయ్యె."

"రెండు దిక్కుల పోయే తోవ లేదు."

"నువ్వు పరీక్షకు ఎందుకు ఒప్పుకున్నవక్కా? వద్దంటె అయిపోవు."

"వద్దంటె అప్పుడే అనుమానం వస్తుండె. ఇంకోటి... చెప్తె నవ్వుతవ్."

"నవ్వ, చెప్పు."

"ఒక్క కడుపుల పుట్టినోళ్లం, మనిద్దరి రక్తం ఒక్కటే గద, కలుస్తదిలే అనుకున్న."

"నేను గుడ గట్లనే అనుకున్న. నువ్వు ఫోన్ చేసి కలవలేదన్న దినం రాత్రంత దానికే ఏడ్చిన. మా అక్క రక్తం నా రక్తం ఒక్కటి కాదా అని."

"పిచ్చిదానా."

"పిచ్చిదాన్నే. సరే, ఇప్పుడు నా రక్తం కలుస్తది గద. కోర్టుల చెప్త, దొంగ పేరు మీద కన్న అని. జైలంటె జైలు. లక్ష్మణ్ వద్దంటున్నడు గని నేను చెప్త. గని అక్కా, ఒక్క మాట."

"చెప్పు."

"కోర్టుల నేనే తల్లినని రాసినంక, దత్తత ఇచ్చుడు ఇంకొన్నేండ్లు ఆపుదాం. ఇది జర పెద్దగ కానియ్. ఆడ చలి అంటవ్, పగటి పూట గుడ చీకటంటవ్. నువ్వు డ్యూటీకి పోతె ఎవరో భాష తెల్వనోళ్ల దగ్గర కూసుంటది. ఈడ నేనున్న, బాపు ఉన్నడు, నా కొడుకులు, దాని అన్నలిద్దరున్నరు."

"నేను గుడ అదే అడుగుదామని వచ్చిన."

"నిజంగనా?"

"నిజంగనే. నీ దగ్గర్నే ఉండనియ్. ఎప్పటికైనా. నేను నెల నెల పంపిస్త. గని నువ్వు నాకు మాటియ్యాలె."

"మాటెందుకు? నా బిడ్డను నేను సాదుకోనా?"

"అట్ల గాదు. ఏమొచ్చినా, ఎవరేమన్నా, బయటికి పంపనని మాటియ్యి. లక్ష్మణ్ అన్నా, మీ అత్త అన్నా."

"మా అత్త ఎందుకంటది? మొదట్ల అన్నది. 'ముగ్గురు పిల్లలకు నేను వండి పెట్టాల్నా, దాని తల్లి డాలర్లు సంపాదిస్తున్నది గద' అని. నీ పరీక్ష ఫెయిలైందని తెలిసినంక నోరు మూసింది. ఇప్పుడు దాని జడ ఆమెనే వేస్తున్నది. 'మన రక్తమే గద, ఉండనీ' అన్నది లక్ష్మణ్‌తోటి. నేను విన్న."

"మన రక్తం అని అన్నదా?"

"అవ్. దానికి నా మొగుని ముక్కు వచ్చిందంట. రోజూ చూపెడ్తది వచ్చినోళ్లకు. రేషన్ కార్డుల పేరు ఎక్కియ్యుమని లక్ష్మణ్ ఎమ్మార్వో ఆఫీసుకు గుడ పోతనన్నడు, రిపోర్టు రాంగనే. అందుకే అడుగుతున్న, ఎప్పుడొస్తదని."

"అది రక్తం కాకుంటె?"

"ఏది?"

"వట్టిగనే అడుగుతున్న. రక్తం కాకుంటె మీ అత్త జడ వేస్తదా?"

"గిదేం ప్రశ్న అక్కా?"

"చెప్పు."

"వేయది. ఎందుకు వేస్తది? ఊళ్ల పిల్లలందరికి వేస్తదా?"

"లక్ష్మణ్?"

"మూడో పిల్లకు ప్లేటు పెట్టనీకే మొఖం ముడుచుకున్నోడు. ఏందక్కా నువ్వు, బెదిరిస్తున్నవా? ఇటు చూడు. చూడు నా దిక్కు. వచ్చింది గద రిపోర్టు."

"అనూ, నా చెయ్యి ఇడువకు."

"వచ్చింది గద."

"నిన్న సాయంత్రం ఫోన్ చేసి చెప్పిండ్రు. రెండుపార్లు అడిగిన. పొరపాటుంటదేమో అన్న. మళ్ల చూసినం అన్నరు."

"ఏం చెప్పిండ్రు?"

"నీది గుడ కలవలేదు."

"కలవకుంటె ఎట్ల?"

"నువ్వు గుడ తల్లివి కాదన్నరు."

"నీకు మతి పోయింది. నా కడుపు మీద కోత ఉన్నది, చూస్తవా? ఈడ్నే చూపిస్త."

"కోత ఎవరు కాదన్నరు? నువ్వు కన్నవ్. కన్నది మాత్రం ఆ పోరిని కాదు."

"మెల్లగ. మెల్లగ మాట్లాడు. బాపు చూస్తున్నడు."

"ప్రియ చెయ్యి ఊపుతున్నది. నువ్వు గుడ ఊపు. నవ్వుకుంట ఊపు."

"ఊపుతున్న... అక్కా, ల్యాబోళ్లే మార్చిండ్రేమో. మళ్ల చేయిద్దాం."

"మళ్ల చేయిద్దాం. ఎన్నిసార్లైనా చేయిద్దాం. గని నేను రాత్రంత ఆలోచించిన. నా పరీక్ష వేరే దేశంల అయింది, నీది ఈడ అయింది. ఇద్దరివీ తప్పైతయా?"

"పోదాం పా. ఆ దవాఖానకు పోయి అడుగుదాం. ఆ దినం ఎవరెవరు కన్నరో వాళ్ల దగ్గర ఉండదా?"

"ఉంటది. పోయి ఏమని అడుగుతవ్? మా చెల్లె అనుపమ ఈడ కన్నది అంటమా? ఆ దినం అనుపమ, ముత్తయ్య బిడ్డ, ఆ దవాఖానకు రానేలేదు. వాళ్ల బుక్కుల లేదు. నేను కన్నట్టుంది. నేనే పోయి అడుగుదామంటె నా కడుపు మీద కోత లేదు."

"పోలీసోళ్లకు చెప్తె?"

"దొంగ పేరు కాన్నుంచే మొదలువెడ్తరు. మన మాట ముగిసేటాలకు ప్రియను ఏదో అనాథల హోంల కూసోబెడ్తరు. ఇప్పుడు ఆ పోరి ఎవరి బిడ్డని చెప్తవ్ వాళ్లకు? నా బిడ్డ కాదని ఒక దేశం చెప్పె. నీ బిడ్డ కాదని నిన్న తేలె. నా బిడ్డేనని చెప్తున్నది ఆ ఒక్క దొంగ సర్టిఫికెటే. అదీ పోతె దానికి ఏ దేశంల గుడ ఎవరూ లేరు."

"మరి నాది? నేను కన్నది?"

"నాకు తెల్వదు, చెల్లె."

"ఎక్కడున్నది అక్కా అది? తింటున్నదా?"

"ఏడవకు. ఇప్పుడు ఏడిస్తె బాపు వస్తడు. చెప్పు, ఆ దినం ఏమైంది? వార్డుల ఎవరెవరుండె?"

"మస్తు మంది ఉండె. నా పక్క మంచం మీద తుక్కుగూడ దిక్కు ఆమె ఒకామె ఉండె. పొద్దున్నే కన్నది. ఆమెకు గుడ ఆడపిల్లనే."

"పేరు యాదున్నదా?"

"యాదున్నది."

"ఏం పేరు?"

"నా పేరే."

"నీ పేరంటె? ప్రసన్నలక్ష్మా?"

"కాదు. నా అసలు పేరు."

"అనూ, జర సక్కగ చెప్పు. నేను లోపలికి పోవాలె."

"ఇద్దరు బిడ్డలను స్నానానికని వేరే అర్రకు తీస్కపోయిండ్రు. నాకు మత్తు ఇంకా దిగలేదు, కండ్లు మూతలు పడుతున్నయ్. పక్కామె పండుకున్నది. కౌసల్యత్త మందులకు పోయింది. ఆయా ఒక బిడ్డను గుడ్డల చుట్టుకొని వచ్చి వాకిట్ల నిలబడ్డది."

"నిలబడి?"

"'అనుపమ ఎవరమ్మా' అని పిలిచింది అక్కా. నేను చెయ్యి లేపిన."